2,11,000 కి.మీ. తిరిగిన లారా విఆర్‌ఎస్: ఉంచుకోవాలా, అమ్మేయాలా?

మణికొండ_విఆర్‌ఎస్ | 9 నవంబర్ 2025, ఉదయం 7:12

అందరికీ నమస్కారం. ఇక్కడ ఏళ్లుగా చదువుతున్నాను గానీ సొంతంగా థ్రెడ్ మొదలుపెట్టడం ఇదే మొదటిసారి. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

నాది 2011 డిసెంబర్‌లో రిజిస్టరైన స్కోడా లారా విఆర్‌ఎస్, తెల్ల రంగు. 1.8 టీఎస్‌ఐ టర్బో పెట్రోల్ ఇంజన్, 160 పీఎస్ పవర్, 250 ఎన్‌ఎం టార్క్, ఆరు గేర్ల మాన్యువల్. 2015లో 58,000 కి.మీ. మీద ఒక డాక్టరు గారి దగ్గర కొన్నాను. ఈ రోజు మీటరు 2,11,340. టర్బో ఇప్పటికీ కారుతో వచ్చిందే. ఇంజన్ ఒక్కసారి కూడా విప్పలేదు. క్లచ్ 1,30,000 దగ్గర, ముందు షాక్ అబ్జార్బర్లు, బుష్‌లు 1,60,000 దగ్గర మార్చాను. వాటర్ పంప్ పోయినేడు మార్చాను. ఆయిల్ ప్రతి 8,000కి మారుస్తాను. బిల్లులన్నీ ఫైల్లో ఉన్నాయి.

ఇప్పుడు సంగతేమిటంటే, నెల రోజులుగా పొద్దున మొదటి స్టార్ట్‌లో బానెట్ కింద డ్రైవర్ వైపు నుంచి గలగలమని చప్పుడొస్తోంది. స్టీలు డబ్బాలో మేకులు వేసి ఊపినట్టు ఉంటుంది. రెండు సెకన్లు, అంతే. తర్వాత ఏమీ జరగనట్టు నడుస్తుంది. తెల్లవారుజామున సెల్లార్‌లో ఆ చప్పుడు గోడలకు కొట్టుకుని ఇంకా గట్టిగా వినిపిస్తోంది. మా ఆవిడ ఫోన్‌లో వీడియో తీసింది, కింద పెట్టాను. రెండోది, 2,500 కి.మీ.కి ఒక లీటర్ ఆయిల్ పోయాల్సి వస్తోంది. రెండేళ్ల క్రితం ఇంత లేదు.

వచ్చే ఏడాది డిసెంబర్‌కి పదిహేనేళ్లు నిండి ఆర్‌సీ గడువు అయిపోతుంది. పాత కార్లు కొనే ఆయన 2,60,000 ఇస్తానన్నాడు. ఇంట్లో అందరూ ఇచ్చేయమంటున్నారు. నాకు మాత్రం మనసు ఒప్పుకోవడం లేదు. డబ్బు పెడితే నిలబడే కారేనా ఇది? అనుభవం ఉన్నవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

---

కర్నూలు_బూస్ట్ | 9 నవంబర్ 2025, ఉదయం 8:40

అన్నా, వీడియో చూసినాను. ముందు ఆ కారు స్టార్ట్ చేయడం ఆపు. అది చైన్ చప్పుడు. అమ్మాలా ఉంచుకోవాలా అన్నది తర్వాత చూసుకుందాం. నా దగ్గర సుపర్బ్ 1.8 టీఎస్‌ఐ ఉంది, ఇంజన్ ఒకటే. మన మెకానిక్ వలీ భాయ్ వచ్చి చెప్పేవరకు తాళం ముట్టుకోవద్దు.

---

ఆటోనగర్_వలీ | 9 నవంబర్ 2025, రాత్రి 10:25

షాపు మూసి ఇప్పుడే కూర్చున్నాను సార్. వీడియో నాలుగుసార్లు విన్నాను.

ఈ ఇంజన్‌లో టైమింగ్ బెల్ట్ ఉండదు, చైన్ ఉంటుంది. నిజానికి మూడు ఉంటాయి: వాల్వులని తెరిచే క్యామ్‌లని తిప్పేది ఒకటి, ఇంజన్ వణుకు తగ్గించే బ్యాలెన్స్ షాఫ్ట్‌లకి ఒకటి, ఆయిల్ పంప్‌కి ఒకటి. క్యామ్‌ల చైన్‌ని బిగువుగా పట్టుకోడానికి ఒక టెన్షనర్ ఉంటుంది. అది ఆయిల్ ప్రెషర్‌తో పనిచేస్తుంది. ఇంజన్ ఆపగానే ప్రెషర్ పడిపోతుంది కదా, అప్పుడు చైన్‌ని నొక్కి పట్టే టెన్షనర్ పిస్టన్ వెనక్కి జారకుండా లోపల రంపం పళ్లలాంటి గాట్లు, వాటిని పట్టుకునే చిన్న క్లిప్ ఉంటాయి. పాత మోడల్ టెన్షనర్‌లో ఆ క్లిప్పే బలహీనం. అది అరిగితే రాత్రంతా చైన్ వదులుగా ఉండిపోతుంది. పొద్దున మీరు స్టార్ట్ చేసినప్పుడు, ఆయిల్ ప్రెషర్ పైకి వచ్చేలోపు చైన్ కవర్‌కి కొట్టుకుంటుంది. మీకు వినపడే రెండు సెకన్లు అదే.

ఏదో ఒక రోజు చైన్ పళ్లు దాటేస్తుంది. దాటితే వాల్వులు ఇంజన్ పిస్టన్లకి తగిలి వంగిపోతాయి. అప్పుడు హెడ్ మొత్తం దింపాలి, మీకు వచ్చిన రేటు కన్నా ఎక్కువే అవుతుంది.

రెండు పనులు చేయించండి. ఒకటి, కింది టైమింగ్ కవర్‌కి చిన్న రబ్బరు మూత ఉంటుంది. అది తీసి సన్న కెమెరా లోపలికి పంపితే టెన్షనర్ పాతదా కొత్తదా కనపడిపోతుంది. ఇంజన్ విప్పక్కర్లేదు. రెండు, విసిడిఎస్ (కారు కంప్యూటర్‌ని చదివే సాఫ్ట్‌వేర్) ఉన్నవాళ్ల దగ్గర 93వ మెజరింగ్ బ్లాక్, అంటే క్యామ్ యాంగిల్ రీడింగ్ చూపించండి. క్యామ్ యాంగిల్ సున్నాకి దగ్గరగా ఉండాలి. మైనస్ 4 దాటిందంటే చైన్ సాగిందని లెక్క.

ఇంకో మాట. సెల్లార్ ర్యాంప్ మీద గేర్‌లో వేసి పార్క్ చేస్తారా? చేస్తే మానేయండి. కారు వాలుకి ఒరిగి ఇంజన్‌ని వెనక్కి తిప్పితే ఈ టెన్షనర్ మీద ఒత్తిడి పడుతుంది. ముందు హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా లాగి, బరువంతా దాని మీద ఆనిన తర్వాత గేర్ వేసుకోండి.

---

తిరుపతి_రఘు | 10 నవంబర్ 2025, ఉదయం 11:03

నేను వేరే మాట చెబుతాను, తప్పుగా అనుకోకండి. నాదీ ఇలాంటి కారే, 1,74,000 దగ్గర అమ్మేశాను. చివరి రెండేళ్లలో చైన్, వాటర్ పంప్, ఏసీ కంప్రెసర్, డోర్ లాకులు అన్నీ కలిపి 2,40,000 అయ్యింది. డబ్బు కన్నా టెన్షన్ ఎక్కువైంది. కుటుంబంతో తిరుమల ఘాట్ ఎక్కుతూ టెంపరేచర్ ముల్లు వైపే చూస్తూ ఉండేవాడిని. ఇప్పుడు ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ 1.5 నడుపుతున్నాను. 150 పీఎస్, 250 ఎన్‌ఎం. టార్క్ మీ కారుతో సమానమే. వారంటీ ఉంది, రాత్రి నిద్ర పడుతోంది. ఇంట్లో ఒకటే కారు ఉంటే మాత్రం పాత టర్బోని దానిగా పెట్టుకోకండి.

---

మణికొండ_విఆర్‌ఎస్ | 10 నవంబర్ 2025, మధ్యాహ్నం 1:20

రఘు గారూ, మీరు చెప్పింది తీసిపారేసే మాట కాదు. మా ఇంట్లో ఇంకో చిన్న కారు ఉంది, పిల్లల స్కూలుకి, ఊళ్లకి అదే. లారా వారానికి రెండు మూడు రోజులు నా ఆఫీసుకి, నెలకోసారి ఔటర్ రింగ్ రోడ్డు మీదకి. వలీ భాయ్, అవును, ఇన్నేళ్లూ ర్యాంప్ మీద మొదటి గేర్‌లోనే పెట్టేవాడిని. ఈ రోజే సమతలంగా ఉన్న చోటికి నెట్టించాను.

---

మిషిగన్_సుబ్బు | 10 నవంబర్ 2025, రాత్రి 9:48

నాది 2012 గోల్ఫ్ జీటీఐ, 2.0 టీఎస్‌ఐ. 1,48,000 మైళ్లు, అంటే దాదాపు 2,38,000 కి.మీ. మీ ఇంజన్‌కి అన్న లాంటిది. యూరప్‌లో మీ కారు పేరు ఆక్టావియా విఆర్‌ఎస్, దానికి ఇదే 2.0 ఇంజన్‌ని 200 పీఎస్‌తో ఇచ్చారు, ఇండియాకి 1.8 వచ్చింది. లోపల టెన్షనర్ కథ రెండిటికీ ఒకటే. ఇక్కడ అమెరికాలో దీని మీద కోర్టు కేసు నడిచి 2018లో సెటిల్‌మెంట్ కూడా జరిగింది.

నేను 90,000 మైళ్ల దగ్గర చప్పుడు రాకముందే మార్చేశాను, ఇంటి గ్యారేజ్‌లో, రెండు శని ఆదివారాలు పట్టింది. అప్పటినుంచి ప్రతి ఆయిల్ మార్పుకీ క్యామ్ యాంగిల్ నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. 0.4, 0.4, 0.6, 0.7... ఇలా నెమ్మదిగా కదులుతుంటే భయం లేదు. ఒక్కసారిగా గెంతితే అప్పుడు చూడాలి. ఎక్కువ మైళ్లు తిరిగిన కారుకి ఒక రోజు రీడింగ్ కన్నా అయిదేళ్ల రీడింగ్‌ల వరస ఎక్కువ చెబుతుంది. మీరు బిల్లులు దాచారంటే సగం పని చేసినట్టే.

మాకు ఇక్కడ ఇంజన్ కన్నా రోడ్ల మీద చల్లే ఉప్పు పెద్ద శత్రువు. నా కారు కింది భాగం చూస్తే మీకు జాలేస్తుంది. హైదరాబాద్ కారుకి ఆ బాధ లేదు, పదిహేనేళ్లయినా బాడీ గట్టిగా ఉంటుంది. అది చిన్న విషయం కాదు.

---

భీమిలి_ఆక్టావియా | 11 నవంబర్ 2025, ఉదయం 6:30

ఉప్పు గాలి గురించి నన్నడగండి సుబ్బు గారూ. నాది 2005 ఆక్టావియా ఆర్‌ఎస్, 1.8 టర్బో, సిలిండర్‌కి అయిదు వాల్వుల ఇంజన్, 150 పీఎస్. 1,87,000 కి.మీ. ఇంటికి సముద్రం కిలోమీటరు దూరం. ఎర్త్ వైర్ల చివర్లు, వాక్యూమ్ గొట్టాల క్లిప్పులు ఏడాదికోసారి చూడకపోతే ఏదో ఒక లైటు వెలుగుతుంది.

మాది చైన్ కాదు, బెల్ట్ కారు. బెల్ట్, దాని టెన్షనర్, వాటర్ పంప్ మూడూ కలిపి 80,000కి ఒకసారి మార్చుకుంటే ఆ భయం ఉండదు. ఒకసారి కారు అస్సలు లాగడం లేదని, టర్బో పోయిందని ఒక గ్యారేజ్‌లో 85,000 అంచనా రాసిచ్చారు. ఇంటికి తెచ్చి ఇన్‌టేక్‌లోకి పొగ కొట్టించి చూస్తే ఇంజన్ వెనక వేలెడంత వాక్యూమ్ గొట్టం చీలి ఉంది. గొట్టం ఖరీదు 240 రూపాయలు. కాబట్టి టర్బో పోయిందని ఎవరైనా అంటే వెంటనే నమ్మకండి. టర్బో షాఫ్ట్ చేత్తో కదిపి చూడమనండి, పొగ పరీక్ష చేయమనండి, అప్పుడు మాట్లాడదాం.

ఆర్‌సీ గురించి: 2020లో మొదటిసారి, ఈ ఏడాది రెండోసారి రెన్యూ చేయించాను. పదిహేనేళ్ల తర్వాత ఒక్కోసారి అయిదేళ్లకి ఇస్తారు. కారుకి రెన్యువల్ ఫీజు 5,000, ఇరవై ఏళ్లు దాటినవాటికి ఈ ఆగస్టు నుంచి 10,000 చేశారు. గ్రీన్ ట్యాక్స్ వేరు. బ్రేకులు, లైట్లు, పొగ చూస్తారు. టర్బో కారని ఎవరూ ప్రత్యేకంగా పట్టించుకోలేదు. గడువు దాటితే నెల నెలా ఫైన్ పెరుగుతుంది, రెండు నెలల ముందే వెళ్లండి.

---

స్టేజ్1_కార్తీక్ | 11 నవంబర్ 2025, సాయంత్రం 5:15

ఎలాగూ ఇంజన్ తెరుస్తున్నారు కదా అన్నా, అదే ఖర్చులో స్టేజ్ 1 రీమ్యాప్ (ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చి పవర్ పెంచడం) కూడా కొట్టించేయండి. 200 పీఎస్ పైగా వస్తుంది. మా ఫ్రెండ్ కారు కొట్టించాక వేరే కారైపోయింది.

---

ఆటోనగర్_వలీ | 11 నవంబర్ 2025, రాత్రి 10:50

కార్తీక్ తమ్ముడూ, నేనూ రీమ్యాప్ చేసిన కార్లు చూస్తుంటాను, కాదనడం లేదు. కానీ వరస ముఖ్యం. ఈ కారు ఆయిల్ ఎందుకు తాగుతోందో ఇంకా తెలీదు. క్లచ్ మీద 80,000 కి.మీ. అయిపోయాయి. కాయిల్స్, ప్లగ్స్ ఎప్పటివో తెలీదు. ఇవన్నీ తేలకుండా బూస్ట్ (టర్బో గాలి ఒత్తిడి) పెంచితే బలహీనమైన చోట తెగుతుంది. ముందు ఆరోగ్యం, ఆ తర్వాతే పవర్.

మణికొండ సార్, ఆయిల్ గురించి. 1,000 కి.మీ.కి అర లీటర్ దాకా కంపెనీ లెక్కలో మామూలే. మీది ఆ లెక్క లోపలే ఉంది. కానీ పెరుగుతోంది అన్నారు కాబట్టి పీసీవీ వాల్వు (ఇంజన్ లోపలి ఆవిరిని ఇన్‌టేక్‌లోకి పంపేది) చూడండి. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ మూత తీయండి. మూత చేతికి రాకుండా గట్టిగా లోపలికి లాగుతున్నా, విజిల్ లాంటి సన్న చప్పుడు వస్తున్నా లోపల డయాఫ్రమ్ చిరిగిందని అర్థం. అది చిరిగితే ఆయిల్ ఆవిరి ఇన్‌టేక్‌లోకి వెళ్లి కాలిపోతుంది, వెనక మెయిన్ సీల్ కూడా పాడవుతుంది. ఆ తర్వాత కంప్రెషన్, అంటే సిలిండర్లలో పుట్టే ఒత్తిడి చూడండి. కొత్త ఇంజన్‌కి 11 నుంచి 14 బార్, కనీసం 7 ఉండాలి, సిలిండర్ల మధ్య తేడా 3 దాటకూడదు. కంప్రెషన్ బాగుంటే పిస్టన్ రింగుల గురించి ఇప్పుడే బెంగపడొద్దు.

స్టార్ట్ చేసి చూసే ఈ పరీక్షలు చైన్ పని అయ్యాకే. ముందు కాదు.

---

మణికొండ_విఆర్‌ఎస్ | 23 నవంబర్ 2025, సాయంత్రం 6:05

కారుని ఫ్లాట్‌బెడ్ మీద మియాపూర్ వైపు తెలిసిన గ్యారేజ్‌కి పంపాను. నేనూ దగ్గరే కూర్చున్నాను.

మెకానిక్ కింద పడుకుని రబ్బరు మూత తీసి, ఫోన్‌కి తగిలించిన కెమెరా లోపలికి పంపాడు. మొదట అంతా గోధుమరంగు ఆయిల్ మెరుపు తప్ప ఏమీ కనపడలేదు. కొంచెం తిప్పితే చైన్ లింకులు కనపడ్డాయి, దాని పక్కన టెన్షనర్. పాత మోడలే. పిస్టన్ మీద గాట్లు బయటికి వచ్చి కనపడుతున్నాయి, ఏడు లెక్కపెట్టాం. అంటే చైన్ సాగి పిస్టన్ అంత దూరం బయటికి రావాల్సి వచ్చింది. ఇంకా విచిత్రం, పిస్టన్‌ని స్క్రూడ్రైవర్ కొనతో మెల్లగా నొక్కితే వెనక్కి జారిపోయింది. ఏదీ దాన్ని పట్టుకోవడం లేదు. ఇన్నాళ్లూ ఔటర్ మీద దీన్నే నడిపానా అని ఒళ్లు జలదరించింది.

ఇంజన్ స్టార్ట్ చేయకూడదని నిర్ణయించుకున్నాం కాబట్టి 93వ బ్లాక్ చూడలేదు. చూడక్కర్లేదు కూడా.

మూడు చైన్లు, గైడ్లు, కొత్త టెన్షనర్, కింది కవర్, క్రాంక్ బోల్ట్, సీలు ఆర్డర్ పెట్టాను. వలీ భాయ్, మీ నంబర్ మా మెకానిక్‌కి ఇవ్వవచ్చా?

---

ఆటోనగర్_వలీ | 23 నవంబర్ 2025, రాత్రి 11:10

తప్పకుండా ఇవ్వండి సార్, వీడియో కాల్‌లో ఉంటాను. మూడు సంగతులు ఆయనకి ఇప్పుడే చెప్పండి. క్రాంక్ పుల్లీ తీసేటప్పుడు లోపల స్ప్రాకెట్ కదలకుండా పట్టుకునే స్పెషల్ టూల్ ఉండాలి, అది లేకుండా బోల్ట్ ముట్టుకోవద్దు. కొత్త చైన్ మీద రంగు లింకులు గుర్తులకి సరిగ్గా కూర్చోవాలి, కూర్చున్నాక ఇంజన్ చేత్తో రెండు చుట్లు తిప్పి ఏమీ తగలడం లేదని చూసుకోవాలి. స్టార్ట్ చేసే ముందు ఇంజెక్టర్ల కనెక్షన్ తీసి స్టార్టర్‌తో తిప్పి ఆయిల్ ప్రెషర్ రానివ్వాలి.

పోయినేడు మార్చిన వాటర్ పంప్ దగ్గర మళ్లీ పని పడితే, దాని బెల్ట్ పుల్లీ బోల్ట్ ఎడమ మర అని గుర్తుచేయండి. మామూలు బోల్ట్ అనుకుని అటు వైపు బలంగా తిప్పితే బ్యాలెన్స్ షాఫ్ట్ దెబ్బతింటుంది. బయట ఒకచోట అలా విరిచేసిన కారు లారీ మీద మా షాపుకి వచ్చింది. చాలా బాధేసింది.

---

కర్నూలు_బూస్ట్ | 24 నవంబర్ 2025, ఉదయం 9:30

ఇంకొక్క మాట అన్నా. ఇన్‌టేక్ మానిఫోల్డ్ తీసే పని ఉంటే వాల్వులు కూడా శుభ్రం చేయించు. ఈ ఇంజన్‌లో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకి చిమ్ముతుంది, వాల్వుల వెనక వైపుని కడగదు. అందుకే అక్కడ బొగ్గు పేరుకుంటుంది. నాది 1,20,000 దగ్గర తీసి చూస్తే వాల్వు కాడ మీద తారు ముద్దలాగా ఉన్నింది. అక్రోటు పెంకుల పొడి గాలితో కొట్టి తీసినారు. ఐడిల్‌లో వణుకు పోయింది.

పెట్రోల్ మీద నాకూ దిగులుగానే ఉంది. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిందే దొరుకుతోంది. 2011 కారు రబ్బరు గొట్టాలు దాని కోసం చేసినవి కావు. ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కన్నా మూడో వంతు తక్కువ, కాబట్టి మైలేజీ కొంత పడుతుంది, దానికి చేసేదేమీ లేదు. గొట్టాలు మాత్రం ఏడాదికోసారి వేలితో నొక్కి చూసుకుంటున్నా. మెత్తబడినా, పగుళ్లు కనపడినా మార్చేస్తా. నెలల తరబడి ట్యాంక్ నింపి కారు నిలబెట్టను, ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది.

---

మణికొండ_విఆర్‌ఎస్ | 18 జనవరి 2026, రాత్రి 8:15

ఆలస్యానికి క్షమించండి. పార్టులు రావడానికే మూడు వారాలు పట్టింది.

పని పూర్తయ్యింది. చైన్ల కిట్, లేబర్ కలిపి 71,000. మానిఫోల్డ్ తీసి వాల్వులు శుభ్రం చేయించాను, కర్నూలు తమ్ముడు చెప్పినట్టే తారు ముద్దలే. అది 14,000. స్టార్ట్ చేశాక మూత పరీక్ష చేశాం. మూత ఊడి రావడానికి రెండు చేతులు కావాల్సి వచ్చింది, విజిల్ కూడా ఉంది. పీసీవీ కొత్తది వేశాం. కంప్రెషన్ 11.4, 11.1, 11.3, 10.8. మెకానిక్ ఆ నాలుగు అంకెలు గేజ్ మీద చూసి నా వైపు తిరిగి నవ్వాడు. 2,11,000 తిరిగిన ఇంజన్‌కి అంతకన్నా ఏం కావాలి!

93వ బ్లాక్ ఇప్పుడు 0.1. సుబ్బు గారూ, నోట్‌బుక్ కొన్నాను, మొదటి లైన్ అదే.

నిన్న శ్రీశైలం వెళ్లొచ్చాను. మన్ననూరు గేటు ఉదయం ఆరింటికి తీస్తారు, మొదటి కార్లలో ఉన్నాను. అడవిలో నెమ్మదిగా వెళ్లి, దోమలపెంట దాటాక ఘాట్‌లో మూడో గేర్‌లో పెట్టి కొంచెం కాలు నొక్కాను. 1,800 ఆర్‌పీఎం దాటగానే వీపుని సీటులోకి అదుముతూ లాగింది, 2015లో మొదటి రోజు లాగినట్టే. పాతాళగంగ దగ్గర ఆపి ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచి ఆఫ్ చేశాను. బానెట్ కింద చిన్న మోటారు కాసేపు తిరుగుతూనే ఉంది, టర్బోకి నీళ్లు పంపే ఎలక్ట్రిక్ పంపు. ఆ చప్పుడు విని బ్యాటరీ తినేస్తోందని కంగారుపడే కొత్త ఓనర్లు ఎవరైనా చదువుతుంటే, అది ఆ కారు చేయాల్సిన పనే.

అప్ అండ్ డౌన్ 430 కి.మీ. ఈ ఉదయం ఆయిల్ డిప్‌స్టిక్ చూశాను. గీత కదల్లేదు.

అమ్మడం లేదు. అక్టోబర్‌లో ఆర్‌సీ రెన్యువల్‌కి వెళ్తాను. రఘు గారూ, మీ లెక్క మాత్రం మర్చిపోలేదు. ఈ కారుకి ఏడాదికి 60,000 పక్కన పెడుతున్నాను, వాడినా వాడకపోయినా. అంతకు మించి వరసగా రెండేళ్లు అయితే అప్పుడు కూర్చుని ఆలోచిస్తాను.

---

తిరుపతి_రఘు | 18 జనవరి 2026, రాత్రి 9:02

చాలా సంతోషం అండీ. రెండో కారు ఉంది, ఇలా లెక్క పెట్టుకున్నారు, ఇంక నేను అనేదేముంది. ఆ 10.8 బార్ చూసి నా కారు గుర్తొచ్చింది. నేను కంప్రెషన్ చూపించకుండానే అమ్మేశాను.

---

ఆటోనగర్_వలీ | 18 జనవరి 2026, రాత్రి 11:20

అల్‌హందులిల్లా. ఫోటోలు చూశాను సార్, మీ మెకానిక్ చెయ్యి శుభ్రమైనది. కవర్‌కి సీలెంట్ ఎంత సన్నగా వేశాడో చూడండి.

1,000 కి.మీ. అయ్యాక ఒకసారి ఆయిల్, ఫిల్టర్ మార్చేయండి. లోపల తెరిచిన ఇంజన్ కదా, మిగిలిన చెత్త ఏమైనా ఉంటే వచ్చేస్తుంది. 5డబ్ల్యూ-40, విడబ్ల్యూ 502 00 ముద్ర ఉన్నదే పోయండి. ఎండాకాలం అని ఎవరైనా చిక్కటి 20డబ్ల్యూ-50 పోస్తామంటే వద్దనండి.

ఒక చిన్న కోరిక. ఆ పాత టెన్షనర్ పారేయకండి. మా షాపులో ఇద్దరు కుర్రాళ్లు పని నేర్చుకుంటున్నారు. చేత్తో నొక్కి చూస్తే వాళ్లకి అర్థమైనంత నేను నోటితో చెప్తే కాదు.

---

మణికొండ_విఆర్‌ఎస్ | 19 జనవరి 2026, ఉదయం 7:05

డబ్బాలో పెట్టి ఉంచాను భాయ్, చైన్‌తో సహా. ఈ రోజే కొరియర్ చేస్తాను.